గొట్టం మైకులో కోడిపెట్ట

‘బంగారు కోడిపెట్ట’ రెండుసార్లు పుట్టింది. 1992 ఏప్రిల్‌లో ‘ఘరానా మొగుడు’తో ఒకసారి, 2009 జూలై ఆఖరి రోజున ‘మగధీర’తో ఇంకోసారి. రెండుసార్లూ సంగీతం కీరవాణిదే. మాటలు భువనచంద్రవే. మొదటిసారి తెరమీద చిరంజీవి, డిస్కో శాంతి. రెండోసారి చిరంజీవి కొడుకు, ముమైత్ ఖాన్. మొదటిదాంట్లో పాడింది ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం, చిత్ర. రెండోదాంట్లో ఆ గొంతులు లేవు.

ఈ చివరి వాక్యం దగ్గరే మా వైపు తగాదా అంతా మొదలవుతుంది.

మామూలుగా రీమిక్స్ తగాదా చాలా సులభంగా తేలిపోతుంది. ఎవరో పెద్దాయన కట్టిన పాటని ఎవరో కుర్రాడు వచ్చి పాడుచేశాడు అంటారు పాతవాళ్లు. పాత పాటకి ప్రాణం పోశాడు అంటారు కొత్తవాళ్లు. ఎవరి పక్షం వాళ్లు తీసుకుని ఇంటికి పోవచ్చు. కోడిపెట్ట విషయంలో ఆ సౌకర్యం లేదు. కట్టినవాడే మళ్లీ కట్టుకున్నాడు. బాణీ అదే, మాటలు అవే. పాడుచేశాడు అనాలంటే తన పాటని తనే పాడుచేసుకున్నాడు అనాలి. అయినా సరే, పదిహేనేళ్లుగా ఈ పాట గురించి నెల్లూరు నుంచి మైపాడు దాకా పెళ్లిళ్లలోనూ జాతరల్లోనూ రెండు ముఠాలు వాదించుకోవడం వింటూనే ఉన్నాను. ఇన్నేళ్లు విన్నాక నాకు ఒక అనుమానం గట్టిపడింది. వీళ్లు పోట్లాడుకుంటున్నది పాట గురించి కాకపోవచ్చు. పాట దేంట్లోంచి విన్నారో దాని గురించి అయ్యుండొచ్చు.

మా మేనమామది మైకు సెట్టు. మైపాడు రోడ్డు మీద ఒక చిన్న గది. అందులో రెండు ఆంప్లిఫయర్లు, ఒక క్యాసెట్టు డెక్కు, కార్లకి వాడే బ్యాటరీలు, గోడకి తగిలించిన గొట్టాలు. గొట్టాలంటే హారన్ స్పీకర్లు. కొబ్బరిచెట్టు పైకెక్కి సముద్రం వైపు ఒకటి, ఊరి వైపు ఒకటి కట్టేవాళ్లు. గంగమ్మ పండగైనా, వోణీల ఫంక్షనైనా, పెద్దకర్మైనా గొట్టం ఎక్కాల్సిందే. గాలి తూర్పు నుంచి తోలితే పాట ఊళ్లోకి పోయేది, పడమటి నుంచి తోలితే పడవల మీదికి పోయేది. వేట నుంచి తిరిగొచ్చే వాళ్లకి ఒడ్డు కనపడకముందే పాట వినపడేదని మా మామ ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాడు. కొంచెం కలిపి చెప్తాడనుకోండి. కానీ గొట్టం అంటే అదే. దూరం పోవడమే దాని పని.

దూరం పోవడానికి గొట్టం ఒక మూల్యం చెల్లిస్తుంది. కింది స్వరాలు దానికి పలకవు. ఇలాంటి హారన్ స్పీకర్లలో సెకనుకి సుమారు 300 కంపనాల కన్నా దిగువన ఉన్న శబ్దం దాదాపుగా రాదు. పెద్ద డ్రమ్ము దెబ్బ ఉండేది 50, 100 మధ్యలో. బేస్ గిటారు తీగల మూలస్వరాలు కూడా ఎక్కువభాగం ఆ గీత కిందే. అంటే గొట్టంలో డ్రమ్ము దెబ్బ ‘టిక్’ అనే చిన్న చప్పుడుగా మిగులుతుంది, బేసు సగం మాయమవుతుంది. మగవాడి గొంతులో కింది భాగం కూడా పోతుంది. కానీ గొంతుకి ఒక అదృష్టం ఉంది. పైనున్న అనుస్వరాలు వినపడితే చాలు, లేని కింది స్వరాన్ని మన మెదడే పూరించుకుంటుంది. ఫోన్‌లో నాన్న గొంతు నాన్న గొంతులాగే వినపడేది అందువల్లే. డ్రమ్ముకి ఆ అదృష్టం లేదు. ఛాతీమీద తగలాల్సిన దాన్ని మెదడు పూరించలేదు.

అందుకని 1992లో కోడిపెట్ట ఒక ఎలక్ట్రానిక్ డాన్స్ పాటగా తయారైనా, మా తీరానికి చేరేసరికి అది డాన్స్ పాట కాదు. అది బాలు గొంతు. చిత్ర గొంతు. ఆ రెండు గొంతుల మధ్య ఆట, ఊపిరి, వెక్కిరింత, నవ్వు. వెనక ఎక్కడో తేనెటీగల తుట్టెలాగా ఒక సన్నని చప్పుడు. మా మామ తరం విన్న పాట ఇది. దీన్నే వాళ్లు ‘ఒరిజినల్’ అంటారు.

నిజం చెప్పాలంటే ఆ ఒరిజినల్ కూడా ఒరిజినల్ కాదు. మామ దగ్గరున్నది నెల్లూరులో రికార్డింగ్ షాపువాడికి ఖాళీ క్యాసెట్టూ పాటల చీటీ ఇచ్చి ఎక్కించుకున్న కాపీ. ఆ షాపువాడిదీ కాపీనేమో ఎవరికి తెలుసు. డెక్కు నుంచి డెక్కుకి మారిన ప్రతిసారీ పైన కొంచెం అరుగుతుంది, రొద కొంచెం పెరుగుతుంది. బ్యాటరీ దిగిపోతే టేపు నిదానమై బాలు గొంతు బరువెక్కేది. కొత్త బ్యాటరీ వేస్తే చిత్ర చిన్నపిల్లయ్యేది. రాత్రి మొదట్లో వినపడిన పాటా, తెల్లారుజామున వినపడిన పాటా ఒకటి కాదు. ఎవరూ దాన్ని రీమిక్స్ అనలేదు.

ఇంకో సంగతి. 1992లో ఈ పాటని అందరూ నెత్తిన పెట్టుకున్నారనుకుంటే పొరపాటు. మా తాత ఉండేవాడు, ఘంటసాల భక్తుడు. 1974 తర్వాత తెలుగులో పాటలే లేవని ఆయన లెక్క. ఘంటసాల పోయింది ఆ ఏడాది ఫిబ్రవరిలో. కోడిపెట్ట మొదటిసారి కొబ్బరిచెట్టు మీంచి వినపడ్డప్పుడు, “ఏందిరా అది, రేకుడబ్బా మింద గులకరాళ్లేసి కొట్టినట్టు” అన్నాడట. బాలు కూడా ఆయన లెక్కలో కొత్త కుర్రాడే. అప్పటికి బాలు పాడటం మొదలుపెట్టి పాతికేళ్లు.

తాత అన్న రేకుడబ్బాకి ఒక చరిత్ర ఉంది. తెలుగు సినిమాపాటలో వాద్యాలు మనుషుల చేతుల్లోంచి మీటలమీదికి మారడం ఒక్కరోజులో జరగలేదు. 1980లో నాజియా హసన్ పాడిన ‘ఆప్ జైసా కోయీ’, 1982లో బప్పీలహరి ‘డిస్కో డాన్సర్’ దేశమంతా డిస్కో గాలి వీచాయి. మన దగ్గర చక్రవర్తి అప్పటికే ఆ గాలికి తెరచాప ఎత్తేశాడు. 1986లో కృష్ణ ‘సింహాసనం’ కోసం బప్పీలహరినే తెలుగులోకి పట్టుకొచ్చాడు. 1983లో యమహా డీఎక్స్-7, అదే ఏడాది వాద్యాలని ఒకదానితో ఒకటి కలిపే మిడి పద్ధతి, 1988లో కోర్గ్ ఎమ్-1 ప్రపంచ మార్కెట్‌లోకి వచ్చాయి. పదిమంది వాయించే పనిని ఒక కీబోర్డు చేసెయ్యగలదని మద్రాసు స్టూడియోలకి అర్థమైంది. రాజ్-కోటి పాటలకి కీబోర్డు పనిచేసిన కుర్రాళ్లలో ఒకడు తర్వాత ఎ.ఆర్.రహ్మాన్ అయ్యాడు. 1991లో ‘గ్యాంగ్ లీడర్’ వానపాటతో బప్పీలహరి మళ్లీ ఊపేశాడు. చక్రవర్తి దగ్గర సహాయకుడిగా పనిచేసిన కీరవాణి ఆ మరుసటేడాది కోడిపెట్ట కట్టాడు. ‘రోజా’ రావడానికి ఇంకా నాలుగు నెలలుంది.

అంటే కోడిపెట్ట తన కాలానికి తగ్గ యంత్రాల పాట. దాన్ని ‘స్వచ్ఛమైన పాతపాట’గా పూజించేవాళ్లు, అది పుట్టినప్పుడు తాతలు దాన్ని ఏమన్నారో మర్చిపోయారు. నాకు దీంట్లో తప్పేమీ కనపడదు. మర్చిపోకపోతే పాటలు పాతబడవు.

బాలు సంగతి మా వైపు వేరే. ఆయన 1946 జూన్ 4న కోనేటమ్మపేటలో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు తమిళనాడులో ఉంది. అయితేనేం, నెల్లూరు తిప్పరాజువారి వీధిలో వాళ్లిల్లు ఉండేది. నాన్న సాంబమూర్తి గారు హరికథలు చెప్పేవారు. ఆ ఇంటిని 2020 ఫిబ్రవరిలో వేదపాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశాడు బాలు. అదే ఏడాది సెప్టెంబర్ 25న పోయాడు. నెల్లూరోళ్లు ఆయన్ని ‘మనోడు’ అంటారు. సూళ్లూరుపేట దగ్గర మంగళంపాడులో పుట్టిన ఆత్రేయని కూడా మనోడే అంటారుగానీ, ఆత్రేయ పేరు చెప్పి ఎవరూ చొక్కా పట్టుకోరు. బాలు పేరు చెప్తే పట్టుకుంటారు. దానికితోడు 1996 నుంచి ఈటీవీలో ‘పాడుతా తీయగా’. వారం వారం ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి, పాటంటే గొంతు, గొంతంటే పలుకు, సంగతి, ఊపిరి అని ఆయన చెప్తూ పోయాడు. ఒక తరం మొత్తానికి చెవులు అలా తయారయ్యాయి. అలాంటి చెవుల ముందుకి 2009లో బాలు లేని కోడిపెట్ట వచ్చింది.

మా మామ మొదటిసారి విని ఒక్క మాటే అన్నాడు. “ఇల్లంతా సున్నం గొట్టినారు. ఇంట్లో మనిషి లేడు.”

ఆయన దాన్ని విన్నది కూడా గొట్టంలోనే. అప్పటికి క్యాసెట్టు పోయి సీడీ వచ్చింది, ఆంప్లిఫయరు మారింది, గొట్టాలు మాత్రం అవే. కొత్త పాటలో పెట్టిన బరువంతా కింద ఉంది. గొట్టంలో ఆ కింది భాగం రాదు. పైన ఉండాల్సిన గొంతు మారిపోయింది. ఇక ఆయన చెవికి మిగిలిందేముంది? ఆయన మాట న్యాయమే.

నేను విన్న ‘మగధీర’ వేరు. అప్పుడు నెల్లూరులో డిగ్రీ చదువుతున్నా. థియేటర్లో ఆ పాట మొదట్లో చిరంజీవి తెరమీదికొచ్చాడు. తర్వాత ఒక నిమిషంపాటు పాట ఎలా ఉందో నాకు తెలీదు, ఎవరికీ తెలిసుండదు. ఈలలు, కాగితాలు, కుర్చీలమీద నిలబడ్డ మనుషులు. తండ్రి వచ్చి కొడుక్కి పాట అప్పజెప్పి పోయాడు. ఈలల హోరు కాస్త తగ్గాక కింద నుంచి దెబ్బ తగిలింది. సీటులోంచి వెన్నులోకి. అంతవరకు కోడిపెట్టలో డ్రమ్ము ఉందని నాకు తెలుసు, అది ఇలా తగులుతుందని తెలీదు. బయటికొచ్చాక ఒరిజినల్ మళ్లీ విందామని స్నేహితుడి కంప్యూటర్లో పెడితే పలచగా, నీళ్ల మజ్జిగలాగా అనిపించింది. అప్పుడు చైనా ఫోన్ల కాలం. వీపున నాలుగు స్పీకర్లుండే ఫోన్లు. హాస్టల్ వరండాలో అందరూ బ్లూటూత్‌లో పంచుకున్నది రీమిక్సే.

రీమిక్స్ అనే పనే స్పీకర్ల కోసం పుట్టింది, ఇది గుర్తుపెట్టుకోవాలి. జమైకాలో కింగ్ టబ్బీ అని ఒకాయన. రేడియోలు, విద్యుత్ పరికరాలు బాగుచేసేవాడు. వీధుల్లో డాన్సులకి సౌండ్ సిస్టమ్ నడిపేవాడు. అంటే మా మామ లాంటివాడే అనుకోండి, కింగ్‌స్టన్‌లో. పాట టేపులోంచి గొంతుని తీసేసి, ముక్కలుగా వెనక్కి తెచ్చి, డ్రమ్మునీ బేసునీ మాత్రమే ముందుకి తోసేవాడు. దాన్ని ‘డబ్’ అన్నారు. 1970ల్లోనే న్యూయార్క్‌లో టామ్ మౌల్టన్ డాన్స్ క్లబ్బుల కోసం పాటల్ని సాగదీసి పన్నెండు అంగుళాల రికార్డు మీద ఎక్కించాడు. పెద్ద రికార్డు మీద గాడి వెడల్పుగా ఉంటుంది కాబట్టి బేసు ఎక్కువ పడుతుంది. రెండు చోట్లా సంగతి ఒకటే. పెద్ద బాక్సులు వచ్చాయి, వాటికి తగ్గ పాట కావాలి. గొంతు పక్కకి జరిగింది, కింది దెబ్బ నడిమధ్యలోకి వచ్చింది.

మనదగ్గర దీనికి ఒక తెలుగు మెలిక పడింది. బొంబాయిలో రీమిక్స్ అంటే ఆల్బమ్ వ్యాపారం. 1972 నాటి లతా పాటని తీసుకుని 2002లో ‘కాంటా లగా’ చేసినవాళ్లకి ఆ పాత సినిమాతో చుట్టరికం అక్కర్లేదు. తెలుగులో రీమిక్స్ అంటే చుట్టరికమే. ‘మగధీర’, ‘రచ్చ’, ‘నాయక్’ మూడూ కొడుకు సినిమాలు, మూడింట్లోనూ తండ్రి పాటలు. ‘సుబ్రహ్మణ్యం ఫర్ సేల్’, ‘సుప్రీమ్’, ‘ఇంటిలిజెంట్’ మేనల్లుడి సినిమాలు, వాటిలో మేనమామ పాటలు. ‘పటాస్’లో కల్యాణ్‌రామ్ బాబాయి పాట ఎత్తుకున్నాడు. పొలం పంచినట్టు పాటలు పంచుకున్నారు. అందుకే సగంమంది స్పందనలు పాట మీద కాదు, పంపకం మీద. ఆ హీరో అభిమానికి రీమిక్స్ బాగుంటుంది, పక్క హీరో అభిమానికి బాగుండదు. ఈ సగాన్ని వదిలేద్దాం. వాళ్లకి చెవులతో పనిలేదు.

వదిలెయ్యలేనిది మా పెదనాన్న కూతురి సంగతి. అక్క 1992లో ఇంటర్ చదివేది. మా ఊరి నుంచి నెల్లూరికి బస్సు. అప్పట్లో ఆ బస్సులో వెనకసీటు కుర్రాళ్లకి కొత్త పాట దొరికితే పండగే. కోడిపెట్ట ఎవరిని చూసి పాడతారో, ఏ మాట దగ్గర గొంతు సాగదీస్తారో, ఎక్కడ నవ్వుతారో వేరే చెప్పాలా? అక్క రెండు నెలలు ముందుసీట్లో ఇంజను పక్కన కూర్చుని పోయింది, వేడికి కాళ్లు కాలుతున్నా. ఇంట్లో చెప్పలేదు. చెప్తే చదువు మానిపిస్తారు.

2009లో పాట మళ్లీ వచ్చినప్పుడు మేమంతా ఇంట్లో వాదించుకుంటుంటే, బాలు గొప్పా బేసు గొప్పా అని, అక్క కూరగాయలు తరుగుతా వింటా ఉంది. మామ ఆమెని సాక్ష్యం అడిగాడు. “నువ్వు చెప్పమ్మా, అప్పటి పాట నీకు తెలుసుగదా, యాది బాగుండాది?” అక్క తలెత్తలేదు. “మీకు మొదటిదీ రెండోదీ అని రెండుండాయి. నాకు ఒకటే పాట మామా. అప్పుడొకసారి పాడినారు, ఇప్పుడు మళ్లా పాడతా ఉండారు. మా పాప ఇప్పుడు ఆరో తరగతి.”

ఎవరం మాట్లాడలేదు. మామ టీ తాగడానికి లేచిపోయాడు.

అక్క ఆ పాటని గొట్టంలోంచీ వినలేదు, బాక్సులోంచీ వినలేదు. బస్సు వెనకసీట్లోంచి విన్నది. ఆ స్పీకర్లోంచి వచ్చేటప్పుడు బాలు గొంతు మిగలదు, కీరవాణి మిగలడు, మాటలు మాత్రం ఖాయంగా మిగులుతాయి. పాటల చరిత్ర రాసేవాళ్లు స్టూడియోల గురించి, రికార్డుల అమ్మకాల గురించి రాస్తారు. ఒక పాట ఏ బస్సుల్లో ఎవరిమీద వాడబడిందో కూడా అందులో ఒక అధ్యాయం కావాలి. రీమిక్స్ ఆ అధ్యాయాన్ని కూడా కొత్తగా అచ్చేస్తుంది. కొత్త డ్రమ్ములతో.

ఇంకో పదేళ్లకి నా అనుమానానికి ఒక పరీక్ష దొరికింది. 2019 సెప్టెంబర్‌లో ‘గద్దలకొండ గణేష్’ వచ్చింది. విడుదలకి ముందురోజు దాకా దాని పేరు ‘వాల్మీకి’. అందులో ‘ఎల్లువొచ్చి గోదారమ్మ’ని మళ్లీ పెట్టారు. 1982 నాటి ‘దేవత’ పాట, చక్రవర్తి సంగీతం, వేటూరి మాట, శోభన్‌బాబు, శ్రీదేవి, ఇసకలో ఆ బిందెల వరసలు. ఈసారి సంగీతం మిక్కీ జె. మేయర్. అయితే గొంతులు మార్చలేదు. బాలూ సుశీలా గొంతులే. కింద చప్పుడు కొత్తది, పైన మనుషులు పాతవాళ్లు.

మా మామ ఏమంటాడా అని నేనే ఫోన్లో పెట్టి వినిపించాను. మొత్తం విన్నాడు. “బాగానే ఉందబ్బయా” అన్నాడు. కోడిపెట్ట రీమిక్స్‌ని పదేళ్లు తిట్టిన మనిషి. ఇక్కడ సంగీత దర్శకుడు మారాడు, చక్రవర్తి లేడు, అయినా అభ్యంతరం లేదు. అక్కడ కట్టినవాడే మళ్లీ కట్టినా ఒప్పుకోలేదు. ఆయనకి పాట అంటే బాణీ కాదు, కట్టినవాడు కాదు. ఇంట్లో మనిషి ఉన్నాడా లేడా, అంతే. మా వైపు ఆ వయసువాళ్లు చాలామంది ఇదే మాట చెప్పారు. కుర్రాళ్లకి కూడా ఆ పాటతో పేచీ రాలేదు, బాక్సులకి కావాల్సిన దెబ్బ అందులో ఉంది. అసంతృప్తి చెందినవాళ్లు మధ్యలో వాళ్లు, మా వయసువాళ్లు, పాటని ఇయర్‌ఫోన్లలో విని ప్రతి వాద్యాన్నీ విడదీసి చూసే అలవాటున్నవాళ్లు. వాళ్లకి చక్రవర్తి అసలు ఏర్పాటులోని వయొలిన్లు కావాలి. నాకూ కావాలనే అనిపించింది. నాకు ఆ పాటలో తబలా పోయి ఆ దెబ్బ రావడం ఇప్పటికీ మింగుడుపడదు. కానీ నేను తబలాని అంత స్పష్టంగా వినగలిగింది నా చెవుల్లో ఏడు వందల రూపాయల ఇయర్‌ఫోన్లు ఉండబట్టి.

చట్టానికి ఈ పట్టింపులేవీ లేవు. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించినప్పుడు, పాట మొదట రికార్డయ్యి ఐదేళ్లు గడిస్తే తప్ప వేరేవాళ్లు దాన్ని మళ్లీ పాడి అమ్ముకోకూడదనీ, పాడినా అవసరానికి మించి మార్చకూడదనీ రాశారు. సినిమావాళ్లు హక్కులు కొనుక్కుంటారు కాబట్టి వాళ్లకి ఇబ్బంది లేదు. మా పాలేల్లో డీజే కుర్రాళ్లకి ఆ చట్టం ఒకటుందన్న సంగతే తెలీదు. వాళ్లకి తెలిసిన చట్టం ఒక్కటే, రాత్రి పది తర్వాత బాక్సులు కట్టెయ్యాలనేది. దాన్ని కూడా ఎస్సై వచ్చేదాకా గుర్తు చేసుకోరు.

ఆ కుర్రాళ్లే ఇప్పుడు ఈ కథని ఇంకో మలుపు తిప్పారు. 2019 నవంబర్‌లో ఫ్రాన్స్‌కి చెందిన డీజర్ అనే సంస్థ స్ప్లీటర్ అని ఒక సాఫ్ట్‌వేర్‌ని ఉచితంగా వదిలింది. పూర్తయిన పాటలోంచి గొంతుని ఒకపక్కకి, డ్రమ్ముని ఒకపక్కకి, బేసుని ఒకపక్కకి విడదీసే పని. అంతకుముందు స్టూడియో మాస్టర్ టేపు ఉంటే తప్ప అయ్యేది కాదు. ఇప్పుడు అలాంటివి ఫోన్లలోకి కూడా వచ్చేశాయి. కింగ్ టబ్బీ టేపులతో రాత్రంతా కూర్చుని చేసిన పనిని కోడూరు కుర్రాడు బస్సు వచ్చేలోపు చేసేస్తాడు. కాకపోతే తిరగేసి చేస్తాడు. టబ్బీ గొంతు తీసి బేసు ఉంచాడు. వీళ్లు గొంతు ఉంచి మిగతాదంతా తీసేస్తారు. ఆ గొంతు కింద వాళ్ల సొంత దరువు పెడతారు.

పోయిన వేసవిలో ఒక పెళ్లికి ఊరికి పోయాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కదా, పడవలన్నీ ఒడ్డున బోర్లించి ఉంటాయి. ఊళ్లో మగవాళ్లందరూ ఇంటిపట్టున ఉండేది ఆ రెండు నెలలే. పెళ్లిళ్లు అప్పుడే. మామ గొట్టాలు పూర్తిగా మానేశాడు. వాటిని కొనేవాడు కూడా లేడు. డీజే పెట్టిన కుర్రాడు మామ దగ్గర వైర్లు మోసి పని నేర్చుకున్నవాడే. ట్రాలీ మీద మనిషెత్తు బాక్సులు, ముందర లైట్లు.

తొమ్మిదిన్నరకి కోడిపెట్ట వేశాడు. 1992 బాలు, 1992 చిత్ర. కింద మాత్రం కీరవాణి మొదటిదీ కాదు, రెండోదీ కాదు. కుర్రాడి సొంత దెబ్బ. ఇసక కూడా అదిరింది. పెళ్లికొడుకు తమ్ముళ్లు ఎగబడ్డారు. అక్క కూతురు కూడా ఆడింది, ఇప్పుడు బెంగుళూరులో ఉద్యోగం చేస్తోంది. అక్క కుర్చీలో కూర్చుని కూతుర్నే చూస్తోంది. ముఖంలో ఏముందో లైట్లు అటూ ఇటూ తిరుగుతుంటే నాకు సరిగ్గా కనపడలేదు.

మామ లేచి బాక్సుల వెనక్కి పోయాడు. నేనూ పోయాను, ఏం గొడవ పెట్టుకుంటాడో అని.

“యాడ దొరికిందిరా బాలు గొంతు నీకు, ఇంత శుభ్రంగా?”

“సాఫ్ట్‌వేర్ మామా. పాటలోంచి లాగేసినా.”

“వెనక ఏం లేకుండా వస్తాదా?”

కుర్రాడు హెడ్‌ఫోన్లు తీసి మామ చెవులకి పెట్టాడు. దరువు లేని గొంతు. మామ కళ్లు మూసుకుని నిలబడ్డాడు. ముందర జనం గంతులేస్తున్నారు, బాక్సు గుడ్డ ఊపిరి పీల్చినట్టు లోపలికీ బయటికీ ఆడుతోంది. ఒక చరణం మొత్తం అయ్యాక హెడ్‌ఫోన్లు తీశాడు.

“ఇప్పుడు నేనిన్నది బయట పెట్టు, దెబ్బ తీసేసి. ఒక్క చరణం.”

“జనం తంతారు మామా.”

“ఒక్కటి.”

కుర్రాడు నన్ను చూశాడు. నేను ఏమీ అనలేదు. మీట కిందికి లాగాడు. బాలు ఒక్కడే సముద్రం మీదికి పోతున్నట్టు వినపడ్డాడు, నాలుగు క్షణాలు, అయిదు. అప్పుడు ముందర నుంచి కేకలు, “ఏమైందిరా, కరెంటు పోయిందా?” కుర్రాడు మీట పైకి తోసేశాడు.

మామ అప్పటికే చెప్పులు వెతుక్కుంటున్నాడు.